పార్కు తాళాలు సంఘం చేతికొస్తే: విశాఖ కాలనీ పార్కు జమాఖర్చు

కాలనీ పార్కును కార్పొరేషన్ నుంచి తీసుకుని సంఘమే నడుపుకుందాం అనుకున్న రోజున మీటింగులో బెంచీల గురించి, వాకింగ్ ట్రాక్ గురించి, ఓపెన్ జిమ్ గురించి బోలెడు మాటలు వస్తాయి. తోటమాలి జీతం ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం చాలాచోట్ల రెండో ఏడాది గానీ లేవదు. అప్పటికి దాతలు ఇచ్చిన డబ్బు సామాన్ల రూపంలో పార్కులో నిలబడి ఉంటుంది, ఖాతాలో మూడు నెలల జీతాలకు సరిపడా కూడా మిగలదు.

ఇక్కడ తీసుకున్నది విశాఖలో సముద్రానికి కిలోమీటరు లోపు ఉన్న ఒక పాత లేఅవుట్ కాలనీ, అందులో అర ఎకరం పార్కు. ఇది ఏ ఒక్క సంఘం ఖాతా పుస్తకమూ కాదు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఉండే పరిస్థితులకు తగ్గట్టు కట్టిన నమూనా లెక్క. జీతాలు, రేట్లు ఊహించి వేసినవే. మీ వీధిలో నడిచే రేట్లు పెట్టుకుంటే మీ లెక్క మీకు వస్తుంది. కాలనీలో 240 గడపలు ఉన్నాయనుకుందాం. అందులో 60 సొంత ఇళ్లు. మిగతా 180 ఫ్లాట్లు, అంటే పదిహేను ఫ్లాట్ల చొప్పున 12 అపార్ట్‌మెంట్లు.

పని వస్తుంది, పద్దు రాదు

పార్కుల నిర్వహణ ఎవరి బాధ్యత అన్న దానిలో సందేహం లేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు 18 పనులను 12వ షెడ్యూల్‌లో రాసింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో ఉన్నాయి. లేఅవుట్ వేసినప్పుడు ఖాళీ స్థలంగా వదిలిన భాగం కార్పొరేషన్‌కే దఖలు పడుతుంది. సంఘానికి వచ్చేది నిర్వహణ ఒక్కటే, స్థలం మీద హక్కు కాదు. పార్కు మూలన కమ్యూనిటీ హాలు కట్టేసి అద్దెకిద్దాం అనే ఆలోచన మొదట్లోనే మానుకోవాలి. పార్కు కోసం వదిలిన స్థలాన్ని వేరే పనికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరు కేసులో తేల్చింది.

చిక్కు డబ్బు దగ్గరే వస్తుంది. సంఘం పార్కు తీసుకున్న రోజున జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ) ఉద్యాన విభాగం అక్కడ పెట్టిన ఔట్‌సోర్సింగ్ మనిషిని వేరే చోటికి పంపేస్తుంది. ఆ మనిషికి అయ్యే జీతం మాత్రం సంఘం వైపు రాదు. ఇంటి పన్ను ఎప్పటిలాగే కార్పొరేషన్‌కే వెళుతుంది. 2021-22 నుంచి ఆ పన్నును ఆస్తి మూలధన విలువ మీద లెక్కేస్తున్నారు, ఏటా పెంపు 15 శాతం దాటకుండా పరిమితి ఉంది. కాబట్టి ‘పన్ను ఏటా పెరుగుతోంది, పార్కుకు మళ్లీ మేమెందుకివ్వాలి?’ అని ఇంటాయన అడిగితే ఆయన మాటలో తప్పేం లేదు. దానికి సేవాభావం మీద ఉపన్యాసం ఇస్తే చందా రాదు. కార్పొరేషన్ నుంచి ఏం రాబట్టామో, ఏం రాబట్టలేకపోయామో కాగితం మీద చూపిస్తే కొంత వస్తుంది.

ఈ జబ్బు పార్కులకే పరిమితం కాదు. 1997లో రైతుల చేతికి కాలువల యాజమాన్యం ఇస్తూ నీటి సంఘాల చట్టం తెచ్చినప్పుడు కూడా పని సంఘానికి వచ్చింది, నీటి తీరువా వసూలు రెవెన్యూ శాఖ దగ్గరే ఉండిపోయింది. ఢిల్లీలో పార్కుల సొసైటీ ద్వారా కాలనీ సంఘాలకు ఎకరం లెక్కన నిర్వహణ సాయం ఇచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర సంఘాలు ఒప్పందానికి కూర్చునేటప్పుడు అడగాల్సింది అదే. రిబ్బన్ కత్తిరింపుకు ఎవరొస్తారన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఏడాది ఖర్చు

అర ఎకరం అంటే 2,420 గజాలు. దానికి పూర్తి రోజు తోటమాలి ఒకరు కావాలి, నెలకు 15 వేలు. పొద్దున్నే రెండు మూడు గంటలు ఊడ్చే మనిషికి 6 వేలు. రాత్రి వాచ్‌మన్‌కు 12 వేలు. నెలకు 33 వేలు, ఏడాదికి 3,96,000. కరెంటుకు 24 వేలు, ఎరువు, మొక్కలు, పనిముట్లకు 36 వేలు, మోటారు, పైపులు, కుళాయిలు వంటి చిల్లర రిపేర్లకు 40 వేలు, పెయింటుకు 30 వేలు. ఆడిట్, బీమా, బ్యాంకు, రసీదు పుస్తకాలకు 20 వేలు. ఆట సామాన్లు, జిమ్ కలిపి 8 లక్షల విలువ, ఎనిమిదేళ్ల ఆయుష్షు అనుకుంటే తరుగుదల నిధికి ఏటా లక్ష. మొత్తం 6,46,000.

నెలకు 53,833. గడపకు పంచితే 224 రూపాయలు. ఈ అంకె చూసి ‘ఓస్, ఇంతేనా’ అనుకుని ఒప్పందం మీద సంతకం పెట్టేస్తారు. 240 గడపలూ కట్టే కాలనీ ఎక్కడా ఉండదు. వసూలు 60 శాతం మీద బడ్జెట్ కట్టాలి. అప్పుడు 144 గడపలు మోయాలి, గడపకు 374 రూపాయలవుతుంది. వాచ్‌మన్‌ను మానేసి రాత్రి తొమ్మిదిన్నరకు తాళం వేస్తే ఏడాది ఖర్చు 5,02,000కు దిగుతుంది, 144 గడపల మీద నెలకు 291. అర ఎకరం పార్కుకు రాత్రి వాచ్‌మన్ విలాసమే. తాళం వేయడానికి ఎదురింటివాళ్లు ఒప్పుకుంటే చాలు, అది కూడా నోటి మాటగా వదలకుండా వారంవారం ఎవరి వంతో రాసి గేటు దగ్గర పెట్టాలి.

జీతాల్లో ఇంకో మెలిక ఉంది, సంఘాలకు ఇది చాలా ఆలస్యంగా తెలుస్తుంది. రాజ్యాంగం మున్సిపాలిటీలకు అప్పగించిన పనుల కోసం కార్పొరేషన్‌కు ఒక ఏజెన్సీ కేవలం మనుషుల్ని సరఫరా చేస్తే ఆ సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. అదే ఏజెన్సీ అవే మనుషుల్ని అదే పార్కుకు సంఘం పేరు మీద పంపితే మినహాయింపు వర్తించదు, 18 శాతం పడుతుంది. 33 వేల మీద నెలకు 5,940, ఏడాదికి 71,280. ప్రభుత్వం చేస్తే లేని పన్ను జనం చేస్తే పడుతోందన్నమాట. దీన్ని తప్పించుకోవాలంటే మనుషుల్ని సంఘమే నేరుగా పెట్టుకోవాలి. ఇద్దరు ముగ్గురికి పీఎఫ్, ఈఎస్‌ఐ చట్టాల పరిమితి రాదు కాబట్టి నేరుగా పెట్టుకోవడంలో కాగితం పని తక్కువే. కానీ చెట్టెక్కి కొమ్మ కొట్టేటప్పుడు ఆ మనిషికేమన్నా అయితే పూచీ సంఘానిదే. కనీసం ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా అయినా వాళ్ల ఖాతాల నుంచి కట్టేలా చూసి, ఆ డబ్బు సంఘం ఇవ్వాలి. రెండు లక్షల ప్రమాద బీమా అది. చెట్ల పనికి మాత్రం అనుభవం ఉన్న మనుషుల్ని విడిగా పిలవడమే మేలు.

సంక్రాంతికి తోటమాలి శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో సొంతూరు వెళితే వారం దాకా రాడు. జనవరిలో పర్వాలేదు, లాన్ తట్టుకుంటుంది. మేలో పెళ్లిళ్లకు వెళ్లినప్పుడే గడ్డి ఎండిపోతుంది. ఏడాదికి ఇరవై రోజుల బదిలీ కూలీ బడ్జెట్‌లో ముందే రాసుకోవాలి.

కరెంటు, నీళ్లు

అర ఎకరంలో 800 చదరపు మీటర్ల లాన్ ఉంటే ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజూ ఐదు లీటర్ల చొప్పున 4,000 లీటర్లు కావాలి. పొదలకు, కుండీలకు ఇంకో వెయ్యి. నలభై మీటర్ల లోతు నుంచి లాగే ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ గంటకు సుమారు 4,000 లీటర్లు పోస్తుంది. అంటే రోజుకు గంటా పావు పంపింగ్, రెండు యూనిట్ల లోపే. ముప్పై వాట్ల ఎల్‌ఈడీలు ఇరవై ఉంటే, రోజుకు ఆరు గంటలు వెలిగితే 3.6 యూనిట్లు. రెండూ కలిపి నెలకు 170 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా 1,360, దాని మీద ఫిక్స్‌డ్ చార్జీలు, పన్నులు. నెలకు రెండు వేలు అందుకే.

బిల్లు దీన్ని దాటిందంటే చాలాసార్లు కారణం లైట్ల టైమరే. వానలో కాంటాక్టర్ (లైట్లను వేసి ఆర్పే స్విచ్చు) పట్టేసి లైట్లు పగలంతా వెలిగితే రోజుకు 3.6కు బదులు 10.8 యూనిట్లు కాలతాయి. నెలకు 1,700 పైన అదనం. తోటమాలి పొద్దున్న ఆరున్నరకు మీటర్ రీడింగు ఒక పుస్తకంలో రాస్తే ఈ నష్టం మూడో రోజే దొరుకుతుంది. రాయకపోతే బిల్లు వచ్చాక గానీ తెలియదు.

ఇక కనెక్షన్ ఎవరి పేరున ఉండాలన్నది ఒప్పందంలో అన్నిటికంటే ముందు తేల్చాల్సిన సంగతి. కార్పొరేషన్ పేరున ఉంచి బిల్లు కార్పొరేషనే కట్టేలా ఒప్పించుకోవడం మంచిది. కుదరకపోతే, ఈపీడీసీఎల్ (ఇక్కడి కరెంటు పంపిణీ సంస్థ) మీటరు పేరు మార్చుకునే ముందు పాత బాకీ లేదన్న కాగితం, ఆ రోజు రీడింగు ఫొటో తీసుకోవాలి. పేరు మారేటప్పుడు కేటగిరీ కూడా చూసుకోవాలి. పార్కులో ఎవరో పాలబూత్ పెట్టారని మొత్తం కనెక్షన్‌ను వాణిజ్య కేటగిరీలోకి మార్చే ప్రమాదం ఉంది. బూత్ ఉంటే దానికి వేరే మీటరు.

బోరు నీళ్ల విషయంలో సముద్రం పక్క కాలనీలకు సొంత సమస్య ఒకటుంది. వేసవిలో నీటిమట్టం దిగి ఉప్పదనం పెరుగుతుంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) బాగా పెరిగితే మామూలు లాన్ నిలవదు, అంచుల నుంచి మాడడం మొదలవుతుంది. ఒప్పందానికి ముందు మేలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి టెస్టు చేయించాలి. ఉప్పు ఎక్కువైతే కొరియన్ గడ్డి వేసుకోవడం, లాన్ విస్తీర్ణాన్ని సగానికి తగ్గించి కానుగ, పొగడ, వేప కింద నీడ పెంచడం. లాన్ తగ్గించినకొద్దీ నీళ్లూ తగ్గుతాయి, తోటమాలి పనిగంటలూ తగ్గుతాయి. మోటారు స్టార్టర్ బాక్సులో డ్రైరన్ రక్షణ (నీళ్లు లేకుండా తిరిగితే మోటారును ఆపేసే పరికరం) లేకపోతే మే నెలలో మోటారు కాలిపోవడం ఖాయం, రివైండింగుకు నాలుగైదు వేలు పోతాయి. ఆ పరికరం ధర అంతకంటే తక్కువే.

ఉప్పుగాలి ఖాతా

ఊరి లోపల ఎనిమిదేళ్లు నిలబడే ఉయ్యాల బీచ్ రోడ్డు పక్కన నాలుగేళ్లకే చేతులెత్తేస్తుంది. కొత్తగా పెయింటు వేసి ఉంటే పైకి ఏమీ తెలియదు. ఉయ్యాల స్తంభం కాంక్రీటులోకి దిగే చోట, నేల మట్టానికి రెండు అంగుళాల పైనా కిందా చూడాలి. కాంక్రీటు దిమ్మె పైపు చుట్టూ కాస్త గుంటగా ఉంటుంది, వాన నీరు, చెమ్మగాలి అక్కడే నిలుస్తుంది. పెయింటు ఉబ్బి, గోటితో గీకితే పొరలు పొరలుగా గోధుమ రంగు పొడి రాలుతుంది. సుత్తితో మెల్లగా కొడితే మిగతా చోట ‘టంగ్’ మనేది అక్కడ ‘డబ్’ మంటుంది. అప్పటికి పైపు గోడ సగం తినేసి ఉంటుంది. గొలుసు కూడా అంతే. లింకులు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట అరుగుతాయి. 8 ఎంఎం లింకు 6 ఎంఎంకు వచ్చిందంటే గొలుసు మార్చేయాలి. కొలవడానికి వెర్నియర్ కాలిపర్ ఒకటి సంఘం సామాన్లలో ఉంచుకోవాలి, పెద్ద ఖర్చేం కాదు.

దీనికి చేయాల్సింది: దిమ్మె పైభాగాన్ని బయటికి వాలుగా సిమెంటుతో రెండు అంగుళాలు లేపి నీరు నిలవకుండా చేయడం, ఏటా వానలు ఆగాక, నవంబరు ఆఖరు నుంచి జనవరి లోపు, తుప్పు గీకి జింక్ ప్రైమర్ రెండు కోట్లు, ఎపాక్సీ ఒకటి, పైన ఎండను తట్టుకునే పెయింటు వేయించడం. తుప్పు గీకకుండా మీద మీద ఎనామిల్ పూస్తే ఆ ముప్పై వేలు గంగలో పోసినట్టే. కొత్తవి కొనేటప్పుడు హాట్‌డిప్ గాల్వనైజ్ చేసినవి (కరిగిన జింక్‌లో ముంచి పూత పట్టించినవి) అడగాలి. కొటేషన్‌లో ‘పౌడర్ కోటెడ్’ అని మాత్రమే ఉంటే తీసుకోవద్దు, ఆ పొర కింద మామూలు ఇనుమే ఉంటుంది. తరుగుదల నిధిలో ఎనిమిదేళ్లు అని వేసింది గాల్వనైజ్ చేసిన సామాన్లకు. మామూలు ఇనుముకు నాలుగేళ్లే వేయాలి, అప్పుడు ఏటా లక్ష కాదు, రెండు లక్షలు.

తుఫాను

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సంఘం చేతిలో పార్కు ఉన్నప్పుడు అలాంటిది వస్తే కూలిన చెట్లు కోయించడం, ఎత్తించడం, విరిగిన స్తంభాలు, కాంపౌండ్ వాల్ ఎవరి ఖర్చు? ఒప్పందంలో ‘ప్రకృతి వైపరీత్యాల నష్టం కార్పొరేషన్‌దే’ అని ఒక వాక్యం రాయించుకోకపోతే, ‘నిర్వహణ మీదే కదా’ అంటారు. ఆ వాక్యం ఉన్నా మొదటి నాలుగైదు రోజులు కార్పొరేషన్ మనుషులు మెయిన్ రోడ్ల మీదే ఉంటారు. పవర్‌సా (యంత్ర రంపం) మనిషికి, ట్రాక్టరు ట్రిప్పులకు 50 వేలు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో బరువు కొమ్మలు తీయించడం దానికంటే ఎక్కువ ఆదా. చెట్టు మొదలు నరకాలంటే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. సంఘం తీర్మానం అనుమతి కింద చెల్లదు.

ఇంతవరకు లెక్కేసినదంతా ఏటా వచ్చే ఖర్చు. తాళాలు తీసుకునే రోజుకే చేతిలో ఉండాల్సింది ఆరు నెలల జీతాలు, సుమారు రెండు లక్షలు, దాని మీద ఈ 50 వేలు. గడపకు వెయ్యి రూపాయలకు కాస్త పైన. ఇది వసూలయ్యాకే సంతకం.

రాబడి

కాలనీ సంఘానికి పన్ను వేసే అధికారం లేదు. అపార్ట్‌మెంట్ సంఘానికి 1987 చట్టం దన్ను ఉంది, ఫ్లాటు యజమాని నిర్వహణ చార్జీ ఎగ్గొడితే అడగడానికి మార్గం ఉంది. కాలనీ మొత్తానికి ఉన్న సంక్షేమ సంఘానికి అది లేదు. ఇక్కడ ఇచ్చేది ఇష్టంతోనే. దీన్నిబట్టి వసూలు ఎలా చేయాలో తేలుతుంది. 180 ఫ్లాట్ల తలుపులు తట్టకుండా 12 మంది అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్లను ఒప్పించాలి. నెలవారీ మెయింటెనెన్స్ బిల్లులో ‘పార్కు’ అని ఒక గీత చేర్పించి, అపార్ట్‌మెంట్ ఒకే చెక్కు ఇచ్చేలా చేయాలి. పన్నెండులో తొమ్మిది ఒప్పుకుంటే 135 ఫ్లాట్లు, సొంత ఇళ్లలో సగం కలిస్తే 165 గడపలు. నెలకు 300 చొప్పున ఏడాదికి 5,94,000. వాచ్‌మన్‌తో అయితే 52 వేలు లోటు, వాచ్‌మన్ లేకుండా 92 వేలు మిగులు. రెండు అపార్ట్‌మెంట్లు మధ్యలో జారుకుంటే ఏడాదికి 1,08,000 పోతుంది, మిగులు కాస్తా లోటవుతుంది. ఎంత సన్నటి అంచు మీద నడుస్తుందో చూడండి.

సొంత ఇళ్లకు నెలనెలా తిరగడం వృథా ప్రయాస. ఏప్రిల్‌లో ఇంటి పన్ను ఏడాది మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు 5 శాతం రిబేటు ఉంటుంది. ఆ నెలలోనే ఏడాది చందా అడిగితే చేతిలో డబ్బుంటుంది, మనసూ ఆ లెక్కలోనే ఉంటుంది. అద్దె ఇళ్లలో యజమానిని అడగాలి, అద్దెకున్నవాళ్లు ఏటా మారతారు. క్యూఆర్ కోడ్ సంఘం పాన్ మీద తెరిచిన ఖాతాదై ఉండాలి. ట్రెజరర్ సొంత ఫోన్ నంబరుకు డబ్బు వేయించుకుని నెలాఖరుకు లెక్క చెప్పే పద్ధతిలో ఆయన ఎంత నిజాయితీపరుడైనా రెండో ఏడాదికి గుసగుసలు మొదలవుతాయి, వాటితో పాటు చందా తగ్గుతుంది.

పక్క కాలనీల నుంచి వాకింగ్‌కు వచ్చేవాళ్ల మాట ప్రతి మీటింగులో లేస్తుంది. అది పబ్లిక్ స్థలం, గేటు దగ్గర టికెట్ పెట్టే హక్కు సంఘానికి లేదు. గొడవ పెట్టుకోవడం కంటే, వాళ్లలో రోజూ వచ్చేవాళ్లను స్నేహసభ్యులుగా చేర్చుకుని ఏడాదికి వెయ్యో రెండు వేలో తీసుకోవడం మేలు. పుట్టినరోజు ఫంక్షన్లకు పార్కు అద్దెకివ్వడం మాత్రం ఎంత ఊరించినా వద్దు. శబ్దం మీద మొదటి ఫిర్యాదు వచ్చిన రోజే ఒప్పందం రద్దుకు కారణం దొరుకుతుంది. ఎండాకు కంపోస్టు అమ్మితే వచ్చేది టీ ఖర్చులకే, కానీ ఎరువుల బిల్లులో కొంత తగ్గుతుంది కాబట్టి రెండు గోతులు ఉండాలి. ప్రకటన బోర్డుల రాబడి కార్పొరేషన్‌ది. అనుమతి లేకుండా ఒక ఫ్లెక్సీకి డబ్బు తీసుకున్నా చిక్కే.

దాతలు, కంపెనీలు, ఎంపీ నిధులు

విశాఖలో, దాని చుట్టుపక్కల స్టీల్‌ప్లాంట్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, పోర్టు, ఎన్టీపీసీ సింహాద్రి ఉన్నాయి కాబట్టి ‘సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) అడుగుదాం’ అనడం అలవాటు. కంపెనీల చట్టం కింద మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలన్నది నిజమే. అది కాలనీ సంఘం ఖాతాలోకి నేరుగా రావడం కష్టం. అమలు చేసే సొసైటీకి 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నంబరు, అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం ఉండాలి. తన సభ్యుల మేలు కోసం పెట్టుకున్న సంఘానికి 80జీ సాధారణంగా రాదు. పైగా సీఎస్‌ఆర్ డబ్బుతో చేసిన ఆస్తి ఎవరి పేరున ఉండాలో నిబంధన ఉంది, ప్రభుత్వ సంస్థ పేరున ఉంటే సరిపోతుంది. కాబట్టి కంపెనీ, జీవీఎంసీ మధ్య ఒప్పందంగా నడిపించి సంఘం వెనక నిలబడి అడిగించడమే దారి. ఒక ప్రాజెక్టును మొదలైన ఏడాది కాకుండా మూడేళ్లకు మించి సాగించలేరు. తోటమాలి జీతానికి అది ఆధారం కాదు.

ఎంపీ నిధులదీ అదే కథ. ఏడాదికి ఐదు కోట్లు ఉంటాయి, శాశ్వత ఆస్తులకే ఇస్తారు, నిర్వహణ వాడుకునేవాళ్లు చూసుకోవాలి. మొత్తం మీద పేరు రాసుకోగల వస్తువుకు డబ్బు దొరుకుతుంది, చీపురుకు దొరకదు. 8 లక్షల జిమ్ ఉచితంగా వచ్చిందని చప్పట్లు కొట్టిన కాలనీ ఆ రోజు నుంచి ఏటా లక్ష తరుగుదల, దాని పెయింటు, బేరింగుల ఖర్చు నెత్తికెత్తుకుంది. ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం గానీ, విలువలో కనీసం పాతిక ముప్పై శాతం డిపాజిట్ గానీ తోడు రాకపోతే సామాను వద్దని చెప్పడమే మేలు. ఇలా చెప్పిన సంఘానికి దాతలు తగ్గుతారని భయపడతారు గానీ, తగ్గేది తుప్పు సామానే.

కాగితాలు

సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉండాలి, ఏడుగురు సభ్యులు చాలు. అక్కడితో అయిపోదు. ఏటా కమిటీ జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. నాలుగేళ్లు దాఖలు చేయకుండా వదిలేసి, కొత్త ప్రెసిడెంటు సంతకం మార్చమని బ్యాంకుకు వెళితే వాళ్లు ఆ జాబితానే అడుగుతారు. ఖాతాలో డబ్బుండీ తోటమాలికి జీతం ఇవ్వలేని పరిస్థితి అలానే వస్తుంది.

సభ్యుల చందా మీద జీఎస్టీ భయం అక్కర్లేదు, సభ్యునికి నెలకు 7,500 దాకా మినహాయింపు ఉంది, పైగా మన రాబడి 20 లక్షలకు చాలా దూరం. ఆదాయపు పన్నులో మాత్రం సభ్యుల చందా వేరు, బ్యాంకు వడ్డీ వేరు. వడ్డీకి పన్ను వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2013లో బెంగళూరు క్లబ్ కేసులో తేల్చింది. ట్రాక్ వేయించిన కాంట్రాక్టరుకు ఒకే బిల్లు 30 వేలు దాటినా, ఏడాదిలో లక్ష దాటినా టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి. రిజిస్టర్డ్ సొసైటీ కాబట్టి ‘మేం చిన్నవాళ్లం’ అంటే కుదరదు.

ఒప్పందంలో ఏం ఉండాలి

సంతకానికి ముందు ఉద్యాన విభాగం మనిషి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), వార్డు సచివాలయం అమెనిటీస్ సెక్రటరీలతో కలిసి పార్కంతా తిరిగి జాబితా రాయాలి. ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి, ఎన్ని వెలగడం లేదు, బోరు లోతు, మోటారు వయసు, గోడలో పగుళ్లు, ఒక్కోదానికి ఫొటో. ఇరుపక్షాల సంతకాలు ఆ జాబితా మీదే ముందు పడాలి. గడువు 11 నెలలైతే ఏ దాతా ముందుకు రాడు, మూడేళ్లు అడగాలి. 25 వేలు దాటిన రిపేరు, కొత్త బోరు, కాంపౌండ్ వాల్, ట్రాక్ పునర్నిర్మాణం కార్పొరేషన్‌వి అని అంకెతో రాయించాలి. ‘పెద్ద రిపేర్లు’ అని మాటలో వదిలేస్తే పెద్దది ఏదో మీరు, వాళ్లు ఎన్నటికీ ఒప్పుకోరు. సంఘం ముందు ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పెట్టుకునే పద్ధతికి మాత్రం ఒప్పుకోకూడదు. మార్చి 31 దాటితే పద్దు మారుతుంది, బిల్లు తిరుగుతూనే ఉంటుంది.

ఎవరితో మాట్లాడాలన్నది కూడా మారుతుంటుంది. 2012లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 దాకా జీవీఎంసీకి ఎన్నికలే జరగలేదు. ఆ తొమ్మిదేళ్లూ కార్పొరేటర్ మాట సాయం లేకుండా అధికారులతోనే నడిపించుకోవాల్సి వచ్చింది. అధికారి బదిలీ అయితే నోటి హామీ ఆయనతోనే పోతుంది. అందుకే ప్రతి హామీకీ ఫైలు నంబరు ఉండాలి.

ఒక్క మాట కాలనీల బయట గురించి. నెలకు 300 ఇవ్వగల 165 గడపలున్న చోట ఈ పద్ధతి ఒడ్డెక్కుతుంది. కొండవాలు బస్తీల్లో ఇదే ఒప్పందం పెడితే అది బాధ్యత వదిలించుకోవడమే. కలిగిన కాలనీలు తీసుకున్న పార్కుల వల్ల కార్పొరేషన్‌కు మిగిలిన మనుషులు, డబ్బు ఆ బస్తీల్లో కనబడుతున్నాయా అని ఏటా బడ్జెట్ సమయంలో అడగాల్సిందీ ఈ సంఘాలే. అడిగే స్థోమత వాళ్లకే ఉంది.

చివరగా తిరిగి అప్పగించే షరతు. మూడు నెలల నోటీసుతో సంఘం పార్కును వెనక్కి ఇవ్వవచ్చని, ఆ గడువు తర్వాత నిర్వహణ కార్పొరేషన్‌దేనని ఉండాలి. ఎప్పుడు వాడాలో కూడా సంఘం తన తీర్మానాల పుస్తకంలో ముందే రాసుకోవాలి: వరసగా రెండు త్రైమాసికాలు వసూలు 60 శాతం లోపు పడినా, ఖాతాలో మూడు నెలల జీతాల కంటే తక్కువ మిగిలినా సర్వసభ్య సమావేశం పిలిచి నోటీసు ఇవ్వడం. ఆ మూడు నెలల జీతాలు తోటమాలికి దక్కాలి. అప్పగించే రోజున మొదటి జాబితానే మళ్లీ పట్టుకుని తిరగాలి, మీటరు రీడింగు రాయాలి, సంఘం కొన్న సామాన్లు ఏవి వదిలేస్తున్నారో, గడ్డికోసే యంత్రం, పనిముట్ల వంటివి ఏవి తీసుకెళుతున్నారో రెండు ప్రతుల్లో రాసి సంతకాలు తీసుకోవాలి. తుఫాను డిపాజిట్, తరుగుదల నిధిలో మిగిలింది సభ్యులకు పంచకూడదు. సంఘం ఖాతాలోనే వేరే పద్దు కింద ఉంచాలి.